మందుల సంచి: నొప్పి మాత్ర నొప్పి దగ్గరికే పోతుందా?

పోయిన సంచికలో ఈ శీర్షిక కింద కంటి చుక్కల మందుల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం కంటి చుక్కలతో ఏ సంబంధమూ లేనిది. షోలాపూరు నుంచి ఒక సోదరి రాశారు. వాళ్లాయనది మరమగ్గాల మీద పని. రోజంతా నిలబడి చేసేది. రాత్రి ఇంటికి రాగానే భోజనం చేసి, నడుము నొప్పికి ఒక మాత్ర వేసుకుని పడుకుంటారట. ఆరేళ్లుగా ఇదే వరస. "పరగడుపున ఎప్పుడూ వేసుకోరండీ. అన్నం తిన్నాకే వేసుకుంటారు. అంచేత భయం లేదు కదా?" అని ఆవిడ ప్రశ్న.

అవునని రాసేస్తే ఒక్క ముక్కలో అయిపోను. కాదని రాయాలంటే ఎందుకు కాదో చెప్పాలి. అది చెప్పాలంటే మా అప్ప సంగతి చెప్పక తప్పదు. ఇన్నాళ్లూ ఈ శీర్షికలో ఆ మాట ఎత్తలేదు.

నేను డాక్టర్ని కానని పాత పాఠకులకు తెలుసు. బరంపురంలో 36 ఏళ్లు మందుల దుకాణం నడిపిన ఫార్మసిస్టుని. మా అప్పని (మావైపు అక్కని అప్ప అంటాం) ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరికి ఇచ్చారు. మోకాళ్ల నొప్పులు, బీపీ. బీపీకి డాక్టరు రాసిన మాత్ర ఉంది. మోకాళ్లకి మాత్రం నేనే డైక్లోఫెనాక్ మాత్రలు, పదేసి ఉన్న అట్టలు, ఇచ్ఛాపురం వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపుతూ ఉండేవాణ్ణి. తమ్ముడికి మందుల షాపుంటే అక్కకి ఆమాత్రం చేయడా అని నా గర్వం. చీటీ ఎవరు రాశారని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

2014 మే నెలలో వాళ్లింట్లో పెళ్లి. ఎండలు సరే, చెప్పక్కర్లేదు. పెళ్లి భోజనాల మర్నాడు అప్పకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లు నొప్పులని నా మాత్ర వేసుకుంది. అంతకు రెండు వారాల ముందు ఎముకల డాక్టరు రాసిన ఇంకో మాత్ర ఉంది, అదీ వేసుకుంది. సాయంత్రానికి కాస్త ఒళ్లు వెచ్చబడితే ఊళ్లో ఆర్.ఎం.పి. వచ్చి ఒక ఇంజక్షన్ పొడిచి వెళ్లాడు. బీపీ మాత్ర మాత్రం మానకూడదని మానలేదు. రెండు రోజులు మూత్రం సరిగా రాలేదు. పెళ్లి హడావుడిలో ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? మూడో రోజుకి కాళ్లు, మొహం వాచి, మాట తడబడుతుంటే బరంపురం తీసుకొచ్చారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 5.8. ఆడవాళ్లకి మామూలుగా అది 1 దరిదాపుల్లో ఉండాలి.

ఆసుపత్రి డాక్టరుగారు కుర్రవాడు. "అమ్మగారు వాడే మందులన్నీ తెండి" అన్నారు. మా మేనకోడలు గుడ్డ సంచీ తెచ్చి మంచం మీద బోర్లించింది. ఆయన ఒక్కొక్క అట్టా తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివారు. నేను పంపిన దాంట్లో డైక్లోఫెనాక్. ఎముకల డాక్టరు రాసిన దాంట్లో ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్. ఆర్.ఎం.పి. పొడిచిందేమిటని ఫోను చేసి అడిగితే అదీ డైక్లోఫెనాకే. మూడు పేర్లు, మూడు చేతులు, మందు ఒక్కటే. ఏసిక్లోఫెనాక్ ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత భాగం డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఇది చదువుకున్నవాణ్ణి నేను. "ఇన్నెందుకు వేసుకున్నావే అప్పా?" అంటే, ఆ నీరసంలో కూడా నా మొహం చూసి, "నువ్వంపిన మాత్రే కదరా తమ్ముడూ. నువ్విచ్చినాక బయమేటి?" అంది.

రెండుసార్లు డయాలిసిస్ చేశారు. మనిషి దక్కింది. క్రియాటినిన్ 1.5 దగ్గర ఆగింది, అంతకు దిగలేదు.

ఇంతకీ ఈ మాత్రలు లోపల చేసే పని ఏమిటి? మోకాలు నొప్పికి వేసుకున్న మాత్ర మోకాలికే వెళ్తుందని మనలో చాలామంది ఊహ. దానికి దారి ఎవరు చెబుతారు? అది కడుపులో కరిగి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మోకాలికి చేరేది ఎంతో కడుపు గోడకీ, మూత్రపిండాలకీ, గుండెకీ చేరేదీ అదే మందు.

ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, కీలు అరిగినా, అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేస్తాయి. పేరు నోరు తిరగదు గానీ ఇవి లేనిదే ఒళ్లు నడవదు. దెబ్బ తగిలిన చోట ఇవి నరాల కొసలను రెచ్చగొడతాయి. అందుకే వాచిన వేలు ముట్టుకుంటేనే ప్రాణం పోయినట్టుంటుంది. రక్తనాళాలను వెడల్పు చేస్తాయి కాబట్టి ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. మెదడులో జ్వరాన్ని పెంచేవీ ఇవే. వీటిని తయారు చేసే ఎంజైము ఒకటుంది, సైక్లో ఆక్సిజనేజ్. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి వాపు మందులన్నీ ఆ ఎంజైము పని ఆపుతాయి. ఆస్పిరిన్ అనే పేరుతో ఆ మందు 1899 నుంచీ అమ్ముడవుతున్నా, అది చేసేది ఈ పనేనని తేల్చింది మాత్రం 1971లో, ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్. అంటే 70 ఏళ్లకు పైగా ఎలా పనిచేస్తుందో తెలియకుండానే లోకమంతా మింగిందన్నమాట! ఆ పనికి ఆయనకు 1982లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు.

చిక్కంతా ఎక్కడుందంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టించడానికే పుట్టినవి కావు. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి మీద గిన్నె పెట్టే ముందు అడుగున మట్టి పూసేవారు, గుర్తుందా? కడుపు గోడకి కూడా లోపల అలాంటి పూత ఒకటి ఉంటుంది. కడుపులో ఊరే ఆమ్లం మాంసాన్నే అరిగించగలది, అది కడుపునే అరిగించుకోకుండా కాపాడేది ఆ జిగురు పూత. దాన్ని ఎప్పటికప్పుడు పూయించేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వేసుకుంటే మోకాలి దగ్గర వాటి తయారీ ఆగుతుంది, కడుపులోనూ ఆగుతుంది. పూత పలచబడుతుంది, పుండు పడుతుంది.

షోలాపూరు సోదరి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. అన్నం తిన్నాక వేసుకుంటే మాత్ర కడుపు గోడకి నేరుగా ఒరుసుకోవడం తగ్గి, మంట కొంత తగ్గవచ్చు. కానీ అసలు హాని రక్తంలో కలిశాక జరిగేది. అంచేతనే ఇంజక్షన్ చేయించుకున్నా కడుపులో పుండు పడవచ్చు. "ఇంజక్షనే మేలు, కడుపుకి పడదు కదా" అనేవాళ్లకి నేను కౌంటరు మీద నుంచి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో! ఆ పుండుకి ముందుగా నొప్పి తెలియాలని కూడా లేదు, నొప్పి తగ్గించే మాత్ర వేసుకునే ఉన్నారాయె. ఒకనాడు మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంది. (ఇనుము మాత్రలు వాడేవాళ్లకి మామూలుగానే నల్లగా రావచ్చు, అది వేరు.) అలా వచ్చినా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా మర్నాటిదాకా ఆగకూడదు. కొందరికి రోజూ కాస్త కాస్త రక్తం పోయి, ఆయాసం, నీరసం తప్ప ఇంకేమీ కనబడదు. డాక్టర్లు నొప్పి మందుతో పాటు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి రాసేది కడుపులో ఆమ్లం తగ్గించడానికే. తిండికి అరగంట ముందు వేసుకుంటే అవి కడుపును కాపాడతాయి. మూత్రపిండాన్ని కాపాడవు. "గ్యాస్ మాత్ర వేసుకుంటున్నానుగా" అని ధీమా పడేవాళ్లు ఈ రెండో ముక్క గుర్తుంచుకోవాలి.

మూత్రపిండం సంగతి చెరువు తూముతో చెబుతాను. చెరువు నిండుగా ఉంటే తూము కాస్త మూసుకున్నా పొలానికి నీళ్లు పోతూనే ఉంటాయి. చెరువు అడుగంటినప్పుడే తూము బార్లా తెరవాలి. మూత్రపిండంలోకి రక్తం వచ్చే సన్నటి నాళాలను అలా తెరిచి ఉంచే పని ప్రోస్టాగ్లాండిన్లది. ఒంట్లో నీరు సమృద్ధిగా ఉన్న వయసువాడు రెండు మాత్రలు వేసుకుంటే మూత్రపిండానికి పెద్ద లెక్క కాదు. విరేచనాలై, ఎండదెబ్బ తగిలి, ఒంట్లో నీరు తగ్గిన రోజున తూము తెరిచి పట్టుకున్న ఆ చేతినే మనం మాత్రతో పక్కకి లాగేస్తాం. మా అప్ప బీపీ మాత్ర టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ కలిసినది. మొదటిది రక్తం బయటికి వెళ్లే వైపు నాళాన్ని వదులు చేస్తుంది, రెండోది ఒంట్లో నీటిని మూత్రంగా తోడేస్తుంది. రెండూ మంచి మందులే, ఎన్నో గుండెలను కాపాడినవే. లోపలికి వచ్చే వైపు నొప్పి మాత్ర మూసి, బయటికి పోయే వైపు బీపీ మాత్ర వదిలి, పైగా నీళ్లూ లేకపోతే వడపోతకి కావలసిన ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్ వంటివి వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఇంకో తిరకాసు, ఈ నొప్పి మందులు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ చేసి బీపీని కూడా పెంచుతాయి. మందు వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగలేదో తెలియక బీపీ మందు పెంచుకుంటూ పోయినవాళ్లను చూశాను.

మా బరంపురంవాళ్లలో చాలామందికి ఉద్దానంలో బంధువులున్నారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను పీల్చేసిందో మీకు నేను చెప్పాలా? దానికి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. నీరనీ, ఎండలో చాకిరీ అనీ, మరొకటనీ ఎన్నో అనుమానాలు. నొప్పి మాత్రల వల్లనే అని నేను అనను, అనడానికి ఆధారం లేదు. కానీ సగం దెబ్బతిన్న మూత్రపిండం పైకి ఏ బాధా చెప్పదు. అలాంటి మనిషికి నొప్పి మాత్ర మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ వైపు మనిషి ఎవరైనా సరే, ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయించుకోకుండా డైక్లోఫెనాక్ రోజువారీ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

మూత్రపిండాల మాట వచ్చింది కాబట్టి రాబందుల కథ కూడా చెబుతాను. నా చిన్నతనంలో ఊరవతల పశువు కళేబరం పడేస్తే గంటలో రాబందులు వాలేవి. 1990 తర్వాత అవి చకచకా మాయమయ్యాయి. మూడు జాతులు నూటికి 95కు పైగా పోయాయి. ఏ రోగమో అనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి పరీక్షిస్తే లోపలి అవయవాల మీద తెల్లటి సుద్దలా యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది, మూత్రపిండాలు పాడైపోయాయి. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో బయటపెట్టారు. నొప్పికని పశువుకి పొడిచిన మందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న పక్షికి విషమైంది. మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసమని చేసే పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు వాడుతున్నారని 2015లో మనుషుల ఇంజక్షన్ కూడా 3 మి.లీ. సీసాకే పరిమితం చేశారు. మన మూత్రపిండాలు రాబందువంత సున్నితం కావు, ఆ లెక్కన భయపడనక్కర్లేదు. కానీ నా దుకాణంలో బఠాణీల్లా అమ్మిన మాత్ర అదేనని తెలిశాక కొన్నాళ్లు ఆ డబ్బా వైపు చూడలేకపోయాను.

మరి నొప్పితో అల్లాడుతూ కూర్చోమంటారా అని కోపగించుకోకండి. ఈ మందులు చెడ్డవని నా ఉద్దేశం కాదు. బెణికిన కాలికి, పంటి పోటుకి, నెలసరి నొప్పికి రెండు మూడు రోజులు ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఆరోగ్యవంతులకి సాధారణంగా ఏమీ కాదు. కీళ్లవాతం ఉన్నవాళ్లు డాక్టరు చూస్తూ ఉండగా ఏళ్ల తరబడి వాడుతున్నారు, అలా వాడకపోతే పొద్దున లేవలేరు. నేను భయపడేది ఎవరూ చూడని వాడకం గురించి. డైక్లోఫెనాక్ అట్ట మీద ఆర్ఎక్స్ అనే గుర్తు ఉంటుంది, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని దాని అర్థం. ఆ గుర్తుని నేనే ఎన్ని వేలసార్లు చూడనట్టు నటించానో లెక్క లేదు.

ముందుగా చేయగలిగింది పేర్లు చదవడం. బ్రూఫెన్ అంటే ఐబుప్రోఫెన్. కాంబిఫ్లామ్ అంటే ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కలిసినవి. వోవెరాన్ డైక్లోఫెనాక్. క్రోసిన్, కాల్పాల్, డోలో మూడూ పారాసిటమాలే. డిస్ప్రిన్, గుండెకి వేసుకునే ఎకోస్ప్రిన్ రెండూ ఆస్పిరినే, మోతాదులో తేడా. ముందు వైపు పెద్ద అక్షరాలు కంపెనీ పెట్టుకున్న పేరు, వెనక వైపు చిన్న అక్షరాలే అసలు మందు. వాపు మందులు ఏ రెండూ కలిపి వేసుకోకూడదు. గుండెకి చిన్న ఆస్పిరిన్ వాడేవాళ్లు పక్కన ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పనికి అది అడ్డు తగులుతుంది, డాక్టరుని అడగాలి. అలాగని గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని ఈ వ్యాసం చదివి మానేయకండి సుమా! అది వేరే ప్రమాదం.

పెద్దవాళ్ల మామూలు నొప్పులకి ముందు పారాసిటమాల్ చూడటం మేలు. అది ఎక్కువగా మెదడులో పని చేస్తుంది. ఎలాగన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వాపు తగ్గించదు గానీ కడుపుని కొరకదు, మూత్రపిండాన్నీ అంతగా బాధించదు. దాని శత్రుత్వం కాలేయంతో. పెద్దవాళ్లకి ఒకరోజులో 4 గ్రాములు దాటకూడదు. 650 మాత్రలైతే ఆరు, అంతే. సన్నగా ఉన్న ముసలివాళ్లకి, కామెర్ల జబ్బు ఉన్నవాళ్లకి, రోజూ తాగేవాళ్లకి ఇంకా తక్కువ. ఎంతన్నది డాక్టరు చెప్పాలి. జలుబు మాత్రలో కూడా పారాసిటమాల్ ఉంటుందని మరచిపోయి రెండూ వేసుకునేవాళ్లు బోలెడుమంది. పసిపిల్లల తల్లులు ఇంకో సంగతి చూసుకోవాలి. చుక్కల మందు 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటే, సిరప్ 5 మి.లీ.లో 125 గానీ 250 గానీ ఉంటుంది. చుక్కల మందుని సిరప్ కొలతలో పోస్తే మోతాదు రెండింతలో నాలుగింతలో అవుతుంది. పిల్లలకి జ్వరమని ఆస్పిరిన్ ఇవ్వకూడదు, కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే రేయీ జబ్బు భయం ఉంది. నిమెసులైడ్‌ని 12 ఏళ్లలోపు పిల్లలకి మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది.

జ్వరం డెంగీ కావచ్చు అన్న అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంజక్షన్ దగ్గరికి రానివ్వకండి. అసలే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, రక్తం కారితే ఆగదు. పారాసిటమాల్, నీళ్లు, డాక్టరు. గర్భిణులు, ముఖ్యంగా అయిదో నెల దాటినవాళ్లు, వాపు మందులు తమంతట తాము వేసుకోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరి బిగుస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి డైక్లోఫెనాక్ మంచిది కాదు. కడుపుకి హాని చేయదని గొప్పగా వచ్చిన రోఫెకాక్సిబ్ అనే మందు గుండెపోట్లు పెంచుతోందని 2004లో లోకమంతటా వెనక్కి తీసుకున్నారు.

పేరూ ఊరూ లేని కీళ్ల నొప్పుల పొట్లాలు, గోళీలు సంతల్లో అమ్ముతారు. రెండు రోజుల్లో ముసలమ్మ లేచి నడిచిందంటే సంతోషించకండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. మొహం గుండ్రంగా ఉబ్బడం, షుగరు పెరగడం దాని గుర్తులు. నెలల తరబడి వాడి ఉంటే ఉన్నపళంగా మానడమూ ప్రమాదమే, పొట్లం చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మా అప్ప ఇప్పుడు మోకాళ్లకి పైపూత జెల్ రాసుకుంటుంది. దాన్నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఆమె మూత్రపిండాల డాక్టరు చూసి సరే అన్నాకే మొదలుపెట్టింది. పొద్దున్నే కుర్చీలో కూర్చుని కాలు చాపి పైకెత్తే కసరత్తు ఫిజియోథెరపిస్టు నేర్పారు. మొదట్లో సిగ్గుపడింది, ఇప్పుడు కోడలి చేత కూడా చేయిస్తోంది. నొప్పి పోలేదు, నూతి దగ్గరికి నడుస్తోంది.

షోలాపూరు సోదరికి: మీవారిని భయపెట్టకండి. ఆరేళ్లు వాడినా ఏమీ కానివాళ్లు ఉన్నారు. అయితే అది తెలుసుకోవలసింది పరీక్షతోనే. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను, హిమోగ్లోబిన్, బీపీ చూపించండి. నడుము నొప్పికి అసలు కారణమేమిటో ఒక డాక్టరుకి చూపించారో లేదో మీరు రాయలేదు. ఆ మాత్ర పేరు కూడా రాయలేదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టుగా, ఆయన వేసుకునే తక్కిన మందులతో సహా, ఒక కార్డు మీద రాసి సంపాదకుల చిరునామాకి పంపండి. సంచిక వచ్చేదాకా ఆగకుండా వెంటనే జవాబు రాస్తాను.